నూనెలో మునిగిన గణకయంత్రము

(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలలో గ్రంథపఠనమువలని లాభములను గూర్చి మాటలాడుట ఆచారము. ఆ విషయమును నాకంటె చక్కగా చెప్పగల పెద్దలు ఈ వేదికమీదనే కలరు. నేను ఉద్యోగకాలమంతయు ట్రాన్స్‌ఫార్మర్ల నడుమ గడపినవాడను. కావున నాకు తెలిసిన నూనెను గూర్చి మాత్రమే చెప్పగలనని కార్యదర్శిగారితో మనవి చేసికొంటిని. వారు మొదట నవ్వి, పిదప సమ్మతించిరి. అయితే ఈ నూనె తలకు రాచుకొనునది కాదు, గారెలు వేయునది కాదు. గణకయంత్రమును, అనగా కంప్యూటరును, నిలువున ముంచి నడపునట్టి నూనె.

ఇట్టి విషయమును గ్రామములో చెప్పవలసిన అవసరమేమని మీకు తోచవచ్చును. 2025 అక్టోబరు 14వ తేదీన గూగుల్ సంస్థ విశాఖపట్టణ ప్రాంతమున ఒక మహా డేటా కేంద్రమును నెలకొల్పుదుమని ప్రకటించినది. 2026 మొదలు 2030 వరకు ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చింతుమని ఆ ప్రకటనలో చెప్పిరి. దానికై చెప్పబడిన స్థలములు మూడు. అడవివరము, తర్లువాడ అనునవి విశాఖపట్టణము వైపువి. మూడవది మన అనకాపల్లి జిల్లాలోని రాంబిల్లి. రాంబిల్లి సంతకు పోయి వచ్చినవారు, అచ్చట చుట్టములున్నవారు ఈ సభలోనే ఎందరో కలరు. కనుక ఇది సముద్రముల కావలి సంగతి కాదు.

డేటా కేంద్రమనగా వేలకొలది గణకయంత్రములను బీరువాలలో వరుసగా పేర్చి, రాత్రింబవళ్ళు ఆపక నడపు కట్టడము. మనము ఫోనులో చూచు బొమ్మలు, పంపు సందేశములు, బ్యాంకు లెక్కలు, ఈనాడు పిల్లలు యంత్రము నడిగి తెలిసికొను సమాధానములు, ఇవన్నియు ఇట్టి కట్టడములలోనుండియే వచ్చుచున్నవి. ఆ కట్టడములోని కష్టములలో మొదటిది లెక్కలు కావు, వేడి.

గణకయంత్రము ఒక విచిత్రమైన పొయ్యి. మోటారునకు కరెంటు నిచ్చినచో నీరు తోడును. మిల్లున కిచ్చినచో పిండి విసరును. గణకయంత్రము బరువు నెత్తదు, చక్రము త్రిప్పదు. అది చేయు లెక్క తెరమీదికి పోవును. అది త్రాగిన కరెంటు దాదాపు అంతయు వేడియై మిగులును. వేయి వాట్లు లోనికి పోయినచో వేయి వాట్ల వేడి బయటికి రావలసినదే. రానిచో లోపలి చిప్పు మాడిపోవును, లేదా తన్ను తాను కాపాడుకొనుటకు పని మందగింపజేసికొనును.

ఈ పొయ్యి ఎట్లు పెరిగినదో చూడుడు. 1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ అను యంత్రములో సుమారు 18,000 గాజు వాల్వులుండెను. అది ముప్పది టన్నుల బరువు. ఒక పెద్ద హాలు నిండ వ్యాపించి సుమారు 150 కిలోవాట్ల కరెంటు తీసికొనెడిది. తరువాత చిప్పులు వచ్చినవి. 1971 నాటి ఇంటెల్ 4004 చిప్పునకు ఇంచుమించు ఒక్క వాటు చాలెడిది. ఇక వేడి బెడద తీరెననుకొనిరి. తీరలేదు. 2022లో వచ్చిన ఎన్‌విడియా హెచ్100 అను చిప్పు ఒక్కటియే 700 వాట్ల వరకు తీసికొనును. అనగా అరచేతియంత వస్తువులో ఇస్త్రీపెట్టె వేడి. 2024లో ఆ కంపెనీయే ప్రకటించిన 72 చిప్పుల బీరువాకు సుమారు 120 కిలోవాట్లు కావలెను. ఎనియాక్ ఒక హాలంతటను పరచి కాచిన వేడిని ఈనాడు ఒక్క బీరువాలో కాచుచున్నారన్నమాట.

మన గ్రంథాలయములోని కంప్యూటరులో సన్నగా రొద చేయు చిన్న ఫ్యాను కలదు. అది గాలితో వేడిని తోలివేయుచున్నది. ఇంటి కంప్యూటరునకు అది చాలును. కాని గాలి మిక్కిలి బలహీనుడైన కూలివాడు. కాచిన పాలగిన్నెను త్వరగా చల్లార్చవలసినచో మనము విసనకర్రతో విసరుచు కూర్చుండము. పళ్ళెములో నీళ్ళు పోసి అందులో గిన్నెను పెట్టెదము. పొయ్యి దగ్గర నిలిచినవారెవరికైనను తెలిసిన ఈ సంగతి వెనుక గట్టి లెక్కయే కలదు. ఒక లీటరు గాలి ఒక డిగ్రీ వేడెక్కుటకు తీసికొను ఉష్ణముకంటె ఒక లీటరు నూనె తీసికొనునది వేయి రెట్లకు పైమాట. నీరైనచో ఇంకను ఎక్కువ. నూనెకు రెండున్నర రెట్లు. వేడిని ఒకచోటినుండి మరియొకచోటికి మోయుటలో ద్రవమునకు గాలి సాటి రాదు.

అట్లయినచో నూనె యెందుకు, నీరే మేలు కదా అని మీరడుగవచ్చును. మేలే. కాని చిప్పులు, తీగెలు, అతుకులు అన్నియు కరెంటు ప్రవహించు వస్తువులు. నీటిలో రవంత ఉప్పు కరగినను అది విద్యుత్తునకు దారి యిచ్చును. తడిచేతితో స్విచ్చి ముట్టరాదని పిల్లలను గదుముట ఇందుకే. నూనె దారి యీయదు. ట్రాన్స్‌ఫార్మరులో పోయు ఖనిజతైలమును పరీక్షించునపుడు రెండు లోహపు మొనల నడుమ రెండున్నర మిల్లీమీటర్ల ఎడముంచి నూనెలో ముంచెదము. వడగట్టని క్రొత్త నూనె సైతము ఆ సందులో 30 వేల వోల్టులను తట్టుకొనవలెను. అంత సందులో గాలి యున్నచో అందులో మూడవ వంతునకే నిప్పురవ్వ పుట్టును.

కావున కరెంటు వస్తువును నూనెలో ముంచుట అనునది నేటి కంప్యూటరువారు కనిపెట్టిన వింత కాదు. పందొమ్మిదవ శతాబ్దము చివరనే ట్రాన్స్‌ఫార్మర్లను నూనెలో ముంచసాగిరి. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు మన ఉత్తరకోస్తాకు వచ్చినది మొదలు ఊరూర స్తంభములమీద, చేలగట్లమీద నిలిచిన ట్రాన్స్‌ఫార్మరు ఏమి? నూనె నిండిన ఇనుపతొట్టె. లోపల తీగెచుట్టలు వేడెక్కగా వాని నంటియున్న నూనె వేడెక్కి తేలికయై పైకి పోవును. తొట్టె ప్రక్కల రెక్కలవలె నున్న గొట్టములలో దిగుచు బయటిగాలికి చల్లబడి మరల అడుగునకు చేరును. ఫ్యాను లేదు, పంపు లేదు, చప్పుడు లేదు. నడినెత్తిన ఎండ కాయుచుండగా, వానలో తడియుచుండగా ఏండ్ల తరబడి అది అట్లే నిలుచును. దానికి పరమశత్రువు తేమ. ప్రక్కన చిన్న గాజుబుడ్డిలో నీలపు గుళికలను మీరు చూచియుందురు. లోపలికి పోవు గాలిలోని తేమను అవి పీల్చుకొనును. పీల్చి పీల్చి గులాబిరంగునకు తిరిగినపుడు మార్చవలెను. మార్చకుండ విడిచిన బుడ్డిని చూచినచో నాకు ఇప్పటికిని చేయి దురద పుట్టును.

గణకయంత్రములను ద్రవములో ముంచుటలో పేరుపడినది 1985లో వచ్చిన క్రే-2. సైమర్ క్రే అను అమెరికా నిపుణుడు దానిని రూపొందించెను. నాలుగడుగులకు లోబడిన ఎత్తుగల ఆ యంత్రములో పలకలను ఎంతో దట్టముగా పేర్చుటచేత గాలి దూరుటకు సందే లేకపోయెను. అందువలన ఫ్లోరినర్ట్ అను రంగులేని, కరెంటును పారనీయని ద్రవములో యంత్రమంతయు ముంచి, ఆ ద్రవమును పంపులతో త్రిప్పిరి. ప్రక్కన గాజుతొట్టెలో ద్రవము బుడగలతో పొంగుచుండుట చూచి జనులు దానికి బుడగలని ముద్దుపేరు పెట్టిరట. ఈ జాతి ద్రవములు మంచివే కాని వెల మిక్కిలి ఎక్కువ. వాతావరణములోను మట్టిలోను త్వరగా నశింపవు. 2021లో మైక్రోసాఫ్ట్ వారు అమెరికాలోని క్విన్సీ అను ఊరిలో 50 డిగ్రీలకే మరుగు ఇట్టి ద్రవములో యంత్రములను నడిపి చూచిరి. మరుసటి సంవత్సరమే, 2022 డిసెంబరులో, వీనిని తయారుచేయుటలో పెద్దదైన 3ఎమ్ సంస్థ 2025 చివరి నాటికి ఆ వర్గపు పదార్థముల తయారీని మానివేయుదుమని చెప్పినది. కావున మామూలు నూనెకు విలువ మరల పెరిగినది.

నూనె విషయములో చెప్పదగినది టోక్యో సాంకేతిక విద్యాసంస్థవారు 2013లో నడిపిన త్సుబామె-కె.ఎఫ్.సి. ఓడలలో సరకు పంపు ఇనుపపెట్టె యొకటి తెచ్చి, దానిలో నూనెతొట్టెలు పెట్టి, అందులో యంత్రముల ముంచిరి. కె.ఎఫ్.సి. అనునది చిప్పు పేరును, ద్రవశీతలీకరణమును కలిపి పెట్టిన పొడి అక్షరములే యైనను, నూనెలో వేగు కోడిని అమ్ము అంగడి పేరు వినిపించుట వారికి తెలియక కాదు. పండితులకును హాస్యము పనికివచ్చును. ఒక వాటు కరెంటునకు ఎక్కువ లెక్క చేయు యంత్రముల ప్రపంచపట్టికలో అది 2013 నవంబరులోను, 2014 జూనులోను మొదటి స్థానమున నిలిచినది. అంతకుముందు ఇంటెల్ వారును ఒక సంవత్సరముపాటు యంత్రములను నూనెలో నుంచి పరీక్షించి, భాగములకు చెరుపు కలుగలేదని 2012లో వెల్లడించిరి. మన హైదరాబాదులోను రెఫ్రాయిడ్ అను సంస్థ ఇట్టి నిమజ్జన పరికరములను తయారుచేయుచున్నది.

ఇక అసలు సంగతికి వచ్చెదను. నూనె చల్లనిదని, అందుచేత యంత్రమును చల్లబరచునని పలువురనుకొందురు. అది పొరపాటు. ఒక చిన్న తొట్టెలో 30 లీటర్ల నూనె పోసి, 300 వాట్ల కంప్యూటరును ముంచినామనుకొనుడు. తొట్టె గోడలగుండ బయటికి పోవు వేడిని లెక్కింపకున్నచో, ఆ నూనె గంటకు సుమారు 22 డిగ్రీల చొప్పున వేడెక్కుచు పోవును. మూడు గంటలలో చేయి పెట్టరాదు. నూనె వేడిని మ్రింగదు, చంపదు, మోయును. మోసినదానిని ఎక్కడనో ఒకచోట దింపవలెను. ఆ దింపు చోటును నేను చివరి మెట్టు అందును. ఈనాటి నా మాటలలో మీరు ఒక్కటే గుర్తుంచుకొనినను అది ఈ చివరి మెట్టు కావలెనని నా కోరిక.

చివరి మెట్టు ఎందుకు ముఖ్యమో మన యెండ చెప్పును. గాలితో చల్లబరచు డేటా కేంద్రములో యంత్రములకు ఇచ్చు గాలి 18 మొదలు 27 డిగ్రీల లోపల నుండుట మంచిదని అమెరికా శీతలీకరణ ఇంజనీర్ల సంఘము సలహా. వైశాఖమాసమున మన యెండ 40 డిగ్రీలు దాటినప్పుడు లోపలి 27 డిగ్రీల వేడిని బయటి 40 డిగ్రీలలోనికి దానంతట దానిని పొమ్మన్న పోదు. పల్లమునుండి మెట్టకు నీరు తోడినట్లు కంప్రెసరు పెట్టి తోడవలెను. దానికి వేరుగా కరెంటు. నూనెలో మునిగిన యంత్రమో, నూనె 45, 50 డిగ్రీలకు వేడెక్కినను సుఖముగానే పనిచేయును. లోపలి చిప్పు ఇంకను వేడిగా నుండును కావున వేడి చిప్పునుండి నూనెలోనికి దిగును. నూనె 50 డిగ్రీలు, బయట 40 డిగ్రీలు. ఇప్పుడు మెట్టనుండి పల్లమునకు పారుట. లారీ ముందు నుండు రేడియేటరు వంటిది పెద్దదొకటి పెట్టి, నూనెగొట్టమును దాని గుండ త్రిప్పి, ఫ్యానుతో బయటిగాలి తోలిన చాలును. శీతలయంత్ర మక్కరలేదు. నీటిచుక్క యక్కరలేదు. నూనె గొప్పతనము చల్లదనములో లేదు. గోరువెచ్చగా నుండియు పని నెరవేర్చుటలో కలదు. మన వేడిసీమకు అది చిన్న వరము కాదు.

కాని చివరి మెట్టున మరియొక దారి కలదు. అది నీటిని ఆవిరి చేయుట. ఉక్కు కర్మాగారమువైపు పోయినవారు కూలింగు టవర్లనుండి తెల్లని ఆవిరి లేచుట చూచియుందురు. వేడిని వదలించుకొనుటకు అంత చౌకయైన దారి లేదు. బెల్లము వండు అనకాపల్లి రైతునకు దీని రహస్యము నేను చెప్పనక్కరలేదు. పెనములో రసము మరుగుపట్టువరకు పిప్పి కొంచెమే పట్టును. తరువాత నీరంతయు ఆవిరియై పాకము ముదురువరకు మోపులకు మోపులు పొయ్యిలో పెట్టవలెను. మంచువంటి చల్లని నీటిని మరుగుపట్టువరకు కాచుటకు ఎంత వేడి కావలెనో, అదే నీటిని పూర్తిగా ఆవిరి చేయుటకు దానికి ఐదు రెట్లకు పైగా కావలెను. ఆవిరియగు నీరు అంత వేడిని తనతో కొనిపోవును కావుననే ఇంజనీర్లకు దానియందు ప్రీతి. త్సుబామెలోను నూనె తన వేడిని నీటి కప్పగింపగా, ఆ నీటిని బయట నున్న కూలింగు టవరే చల్లార్చెడిది. చూచితిరా! నూనెతొట్టె యున్నంత మాత్రమున నీరు మిగులునను భరోసా లేదు.

ఎంత నీరు? ఇది నేను ఎవరి పత్రికలోనుండియు తీసినది కాదు; హైస్కూలు చదువుతో మీరును కట్టి చూడవచ్చును. ఒక కిలోవాటు వేడిని గంటసేపు పూర్తిగా ఆవిరితోనే వదలించుకొనవలెనన్న సుమారు ఒకటిన్నర లీటరు నీరు ఆవిరి కావలెను. వేయి కిలోవాట్లకు గంటకు 1,500 లీటర్లు, రోజునకు 36,000 లీటర్లు. విశాఖ ప్రకటనలలో వినవచ్చిన మాట గిగావాటు, అనగా పది లక్షల కిలోవాట్లు. అంతయు నిండుగా నడచి, ఆ వేడి సర్వము ఆవిరితోనే పోవునట్లు కట్టినచో రోజునకు 3 కోట్ల 60 లక్షల లీటర్లు. జలజీవన మిషనులో గ్రామవాసి యొక్కరికి రోజునకు 55 లీటర్లని కొలత పెట్టిరి. ఆ కొలతతో భాగించి చూచినచో ఇది ఆరున్నర లక్షల మంది నీరు. అట్లే జరుగునని నేననుట లేదు. గాలి రేడియేటర్లు పెట్టినచో ఈ సంఖ్య సున్నకు దిగవచ్చును. వాడిన మురుగునీటిని శుద్ధిచేసి వినియోగింపవచ్చును. ఫిన్లాండులోని హమీనాలో 2011 నుండి గూగుల్ వారే చేయుచున్నట్లు సముద్రపు నీటితో వేడిని దింపవచ్చును. రాంబిల్లికి సముద్రము దగ్గరే. అయితే ఫిన్లాండు సముద్రము చల్లనిది, మనది గోరువెచ్చనిది. వెచ్చబడిన నీటిని తిరిగి ఏ తీరమున వదలెదరని వలవేయువారు అడుగకుందురా? దారులు పెక్కు కలవు. ఏ దారి ఎన్నుకొందురనునదే మన పట్టు.

ఎందుకింత పట్టుదలయన్న, మన నీటి చరిత్ర మీ రెరుగుదురు. శారదానదిమీది రైవాడ జలాశయపు నీరు ఆయకట్టునకును కావలెను, విశాఖ నగరవాసుల గొంతుకును కావలెను. ఆ నీటిని పూర్తిగా సాగుకే ఉంచుడని రైతులు అడుగుట ఈనాటి మాట కాదు. ఏలేరు కాలువ మన పొలముల నడుమగా ఉక్కు కర్మాగారమునకు నీరు కొనిపోవుచున్నది. ఇప్పటికే పంచుకొన్న కడవలో మరియొకరు చెంబు ముంచవచ్చినపుడు, చెంబు ఎంతటిదని అడుగుట మర్యాదకు భంగము కాదు.

ఇంకొక చిక్కును కలదు. మట్టికూజాలోని నీరు గాలి పొడిగా నున్న దినములలో చక్కగా చల్లబడును. ఉక్క పోయు దినమున కూజా చెమర్చునే కాని నీరు అంతగా చల్లబడదు. గాలి యప్పటికే తేమతో నిండియుండుటచే క్రొత్త ఆవిరికి చోటుండదు. కూలింగు టవరును పెద్ద కూజాయే. సముద్రతీరపు ఉక్కలో దాని పని మందగించును. గోరువెచ్చని నూనెకు ఈ బాధ తక్కువ. పైగా రాంబిల్లి, పూడిమడక తీరములలో కిటికీచువ్వలు ఎంత త్వరగా త్రుప్పు పట్టునో చూచుచున్నారు కదా. ఆ ఉప్పుగాలి యంత్రముల అతుకులనును తినును. నూనెలో మునిగిన అతుకునకు ఉప్పుగాలియు తగులదు, దుమ్మును తగులదు.

నూనె పక్షమున ఇంత చెప్పి దాని దోషములను దాచుట న్యాయము కాదు. మొదటిది నిప్పు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురములోని ఔషధ కర్మాగారములో జరిగిన ప్రేలుడులో 17 మంది మరణించిరి. ఆ దుఃఖము ఇంకను పచ్చిగానున్న జిల్లాలో వేలలీటర్ల నూనె నిలువచేయుదుమన్న ఎవరికైనను గుండె ఝల్లుమనును. అచ్చట ముప్పు తెచ్చినది ఇట్టే ఆవిరియై అంటుకొను ద్రావకము. మనము చెప్పుకొను ఖనిజతైలము 135, 140 డిగ్రీలకు కాగినగాని మంట తగిలినను దాని ఆవిరి భగ్గుమనదు. తొట్టె 50 డిగ్రీలలో నుండును. తేడా పెద్దదే. అయినను ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోవుట మనము చూడలేదా? లోపల నిప్పురవ్వ లేచినచో ఎంతటి నూనెయైనను మండును. కావున తొట్టెల క్రింద నూనెను పట్టు గుంటలు, మంటను అడ్డు గోడలు, దగ్గరలో అగ్నిమాపక బండి ఉండి తీరవలెను.

రెండవది బరువు. ఒక్కొక్క తొట్టెకు ఇంచుమించు వేయి లీటర్ల నూనె పట్టును. పై అంతస్తులలో పెట్టుటకు వీలుపడదు, నేల విశాలముగా కావలెను. చెడిన భాగమును మార్చవలెనన్న దానిని పైకెత్తి నూనె కారిపోవువరకు ఆగవలెను. చేతులు, బట్టలు, నేల జిడ్డు. ఈ జిడ్డు నా కలవాటే కాని చల్లనిగదిలో తెల్లచొక్కాతో పనిచేయ నలవడిన కుఱ్ఱవాండ్రకు నచ్చదు. ఈ కారణముచేతనే పెద్ద కంపెనీలలో ఎక్కువమంది యంత్రమును ముంచక, చిప్పుమీద లోహపుపలకను బిగించి, దానిలో సన్నని గొట్టములగుండ నీటిని పారించు పద్ధతిని పట్టుకొనిరి. గూగుల్ వారు 2018లోనే తమ చిప్పుల కొన్నిటికి ఇట్లు చేసిరి. అందులోను ద్రవము వెచ్చగానే తిరుగును. కావున నేను చెప్పిన చివరి మెట్టు ప్రశ్న ఆ పద్ధతికిని అట్లే వర్తించును. నూనెయో, పలకయో, అది వారి యింటిలోపలి వ్యవహారము. వేడిని దింపుట మన వాకిట జరుగు వ్యవహారము.

మూడవది ముసలినూనె. ఏండ్లు గడచిన పిమ్మట దానిని ఏమి చేయుదురు? పూర్వము కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లలో నిప్పంటుకొనదని క్లోరిను చేరిన ఒక ద్రవమును పోసిరి. అది విషమని తేలి, దేశదేశముల నిషేధింపబడువరకు ఎంతో నేలలోనికి ఇంకిపోయినది. మంచిదని తెచ్చిన ద్రవము మంచిదేనని తెలిసికొనుటకు ఒక తరము పట్టవచ్చును. నూనె పేరు, దాని కూర్పు, తిరిగి కొనిపోవు పూచీ, ఇవి మొదటిరోజుననే కాగితముమీద నుండవలెను.

ఇచ్చట ముందువరుసలో కూర్చున్న కళాశాల విద్యార్థుల కన్నులు మెరయుట నేను చూచుచున్నాను. అమెరికాలో 2007లో ప్యుజెట్ సిస్టమ్స్ వారు చేపలతొట్టెలో ఖనిజతైలము పోసి కంప్యూటరును ముంచి నడిపిన సంగతి మీరు చదివియే యుందురు. మీరును చేయదలచినచో ఆపను. కొన్ని జాగ్రత్తలు చెప్పెదను. వేరుసెనగ నూనెతో చేయవలదు. కొన్ని నెలలలో ముక్కిపోయి జిగురగును, వాసన మీ యింటివారు మిమ్ములను తొట్టెతో సహా వీధిలోనికి నెట్టునట్లుండును. ట్రాన్స్‌ఫార్మరులోనుండి తీసిన పాతనూనె అసలే ముట్టవలదు. తిరుగు పళ్ళెముల హార్డుడిస్కును, కరెంటుపెట్టెను బయటనే ఉంచుడు. మెత్తని ప్లాస్టిక్కు తీగెల తొడుగులు నూనెలో కొంతకాలమునకు బిరుసెక్కి విరుగును. తీగెలవెంట నూనె ఎగబ్రాకి మేజామీదికి చేరును. దీపపు వత్తి చేయు పనియే అది. ముఖ్యముగా, ఉష్ణమాపక మొకటి తొట్టెలో వ్రేలాడదీసి గంటగంటకు వ్రాసికొనుడు. నేను చెప్పిన 22 డిగ్రీల లెక్క మీ తొట్టెలో ఎంత నిజమో, గోడలు ఎంత వేడిని జారవిడిచినవో తేలును. ఆ పుస్తకమును తెచ్చి నాకు చూపినచో సంతోషింతును.

పెద్దలకు చెప్పవలసినది కొంత మిగిలినది. గ్రామసభలో గాని, మండలకార్యాలయములో గాని, అధికారులు ఊరిలోనికి వచ్చినపుడు గాని అడుగదగిన మాటలను కార్యదర్శిగారి కోరికపై ఒక కాగితముమీద వ్రాసి యిచ్చితిని. చివరి మెట్టున వేడిని గాలిలోనికి దింపుదురా, నీటిలోనికా, సముద్రములోనికా? నీరైనచో ఎండకాలమున రోజునకు ఎన్ని లీటర్లు, ఏ కాలువనుండి, మంచినీరా శుద్ధిచేసిన మురుగునీరా? నీరు తక్కువైన సంవత్సరమున ముందుగా ఎవరి తూము కట్టుదురు? నూనె యున్నచో దాని పేరేమి, ఎంత, నిప్పు లేచినచో ఏ బండి ఎన్ని నిమిషములలో వచ్చును? వీనికి సమాధానములు ఆంగ్లములో మాత్రము వచ్చినచో తెలుగులో వ్రాయించి, లోపలి గదిలోని బల్లమీద వార్తాపత్రికల ప్రక్కన అందరికి కనబడునట్లు ఉంచుదుమని కార్యవర్గము వారు మాట యిచ్చియున్నారు. ఆ లెక్కలను సరిచూచుటకు నా యవసరము కలిగినచో కబురు పంపుడు. సాయంకాలములు ఇంటిలోనే యుందును. సెలవు.